కాళ్ళకు తాళం

తెలుగులో తాళమనే మాటకు రెండర్థాలు. ఒకటి తలుపుకు వేసేది, రెండవది పాటకు వేసేది. నిఘంటువు ఈ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఊరుకున్నది. వీటికి చుట్టరికం ఉన్నదన్న సంగతి, ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్న నాకు, తరగతిగదిలో కాక ఇంట్లో తెలిసింది. మనిషి కాళ్ళకు మొదటి రకం తాళం పడే జబ్బు ఒకటి ఉన్నది. దానిని తీయడానికి రెండవరకం తాళం కొంతవరకు పనికివస్తుంది. ఈ జబ్బు ఉన్న ఇళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు. మాకూ మొన్న మొన్నటిదాకా ఎవరూ చెప్పలేదు. అందుచేత ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను.

జబ్బు పేరు పార్కిన్సన్ వ్యాధి. మనవైపు వణుకుడు జబ్బు అంటే అందరికీ తెలుస్తుంది. ఆయుర్వేదం చదువుకున్నవారు కంపవాతం అంటారు. లండనులో హాక్స్టన్ అనే పేటలో వైద్యం చేసుకునే జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని గూర్చి ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. ఆయన వర్ణించింది అంతా కలిపి ఆరుగురు రోగులను. అందులోనూ కొందరు ఆయన దగ్గరకు మందుకోసం వచ్చినవారు కారు, వీధిలో పోతుంటే కంటబడినవారు! నడక చూసి రోగాన్ని పోల్చుకున్నాడన్నమాట. ముందుకు వంగిపోవడం, అడుగులు చిన్నవైపోవడం, నడుస్తూ నడుస్తూ ఆపుకోలేక పరుగులోకి దిగిపోవడం, ఇవన్నీ ఆయన అప్పుడే గుర్తించి వ్రాసిపెట్టాడు. దరిమిలా ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు ఖాయం చేశాడు. వణుకు లేకుండా కూడా ఇది రావచ్చు గనుక వణుకువాతమన్న పాతపేరు సరిపోదని ఆయన అభిప్రాయం.

ఆ మాట ఎంత సరియైనదో మా అమ్మను చూస్తే తెలుస్తుంది. ఆమెకిప్పుడు 72 ఏళ్ళు. జబ్బు బయటపడి ఏడేళ్ళయింది. వణుకంటారా, ఎడమచేతి బొటనవేలి దగ్గర కొద్దిగా, అదీ పేపరు చదివేటప్పుడు కాగితం అల్లల్లాడితే తెలిసేటంత. ఆమెను మూల కూర్చోబెట్టినవి కాళ్ళు.

మొదటి నాలుగేళ్ళూ మాత్రలు బాగా పనిచేశాయి. తరువాత గుమ్మాల దగ్గర ఆగిపోవడం మొదలయింది. హాలులోనుంచి వంటింట్లోకి వస్తూ వస్తూ, సరిగ్గా గుమ్మం ముందుకు రాగానే రెండు కాళ్ళూ మేకు కొట్టినట్లు నిలిచిపోయేవి. ఒళ్ళు ముందుకు పోవాలంటుంది, పాదాలు కదలవు. "నేలకు జిగురు పూశారేమిట్రా?" అనేది నవ్వుతూ. నవ్వులాట ఎల్లకాలమూ సాగలేదు. ఒకనాటి ఉదయం స్నానాలగది ముందు అలాగే ఆగి, ముందుకు తూలి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నది. అప్పటినుంచి పడతానన్న భయం ఒకటి తోడయింది. నాలుగిళ్ళ అవతల ఉన్న రామాలయానికి రోజూ సాయంకాలం వెళ్ళివచ్చే మనిషి వీధిగుమ్మం దాటడం మానేసింది.

దీనికి తోడు చుట్టాల మాటలు. మా మేడమెట్లు పదహారు. కటకటా పట్టుకుని అవి తడుముకోకుండా ఎక్కేది. చదునుగా ఉన్న గచ్చుమీద గుమ్మం దాటడానికి మాత్రం రెండు నిమిషాలు! చూసినవాళ్ళకు అనుమానం రాదూ? "మెట్లెక్కగలిగిన మనిషి గుమ్మం దాటలేకపోవడమేమిటి వదినా? మనసులో ఏదో పెట్టుకున్నావు," అన్నది ఒక మేనత్త. మొండితనమన్నారు, సోమరితనమన్నారు, కోడలిచేత చేయించుకోవడానికన్నారు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. జవాబు ఆమెకూ తెలియదు గదా.

తెలిసినవారు ఉన్నారు. ఇంగ్లండులో పర్డన్ మార్టిన్ అనే నాడీవైద్యుడు 1967లో ప్రకటించిన తన పుస్తకంలో ఈ వింతను గూర్చి వ్రాశాడు. కదలలేని రోగి ముందర నేలమీద అడ్డంగా గీతలు గీస్తే, ఒక్కొక్క గీతా దాటుకుంటూ నడిచిపోతాడు! గీతలైపోగానే మళ్ళీ నిలబడిపోతాడు. 2010లో హాలెండు వైద్యులు ఇంకా చిత్రమైన రోగిని లోకానికి చూపించారు. 58 ఏళ్ళ ఆసామి. ఎవరైనా పట్టుకుంటే తప్ప నాలుగడుగులు వేయలేడు, వేస్తే పడతాడు. సైకిలు ఎక్కిస్తే మాత్రం ఝామ్మని తొక్కుకుంటూ పోయి, వంపు తిరిగి, వెనక్కు వచ్చాడు. దిగగానే కాళ్ళు బిగుసుకున్నాయి. కండలో బలం తగ్గలేదని, నడక మరచిపోలేదని దీన్నిబట్టే తెలుస్తున్నది. మెట్టు, గీత, సైకిలు తొక్కుడు చక్రం, ఇవన్నీ 'తరువాతి అడుగు ఇక్కడ' అని కాలికి బయటినుంచి చెబుతాయి. చదునైన గచ్చు ఏమీ చెప్పదు. అక్కడ లోపలినుంచి మెదడే చెప్పుకోవాలి. జబ్బుపడింది సరిగ్గా ఆ చెప్పే భాగమే.

మెదడు లోలోపల నల్లగా కనిపించే చిన్న తావు ఒకటి ఉన్నది. అక్కడి కణాలు డోపమీను అనే రసాయనం తయారుచేసి, కదలికలను నడిపించే కేంద్రాలకు పంపిస్తుంటాయి. ఈ జబ్బులో ఆ కణాలు క్రమంగా నశించిపోతాయి. స్వీడనులో కార్ల్‌సన్ 1950ల చివర డోపమీను సంగతి బయటపెట్టాడు. దానికే 2000లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. వియన్నాలో హోర్నికీవిచ్ 1960లో, చనిపోయిన రోగుల మెదళ్ళలో ఆ రసాయనం అడుగంటి ఉన్నట్లు చూపించాడు. 1967 నాటికి అమెరికాలో కోట్జియాస్ లెవొడోపా అనే మందును నోటిద్వారా పెద్ద మోతాదులలో ఇచ్చి మంచి ఫలితం చూపించాడు. ఈనాటికీ ముఖ్యమైన మందు అదే. మా అమ్మ వేసుకునే మాత్రలోనూ ఉన్నది అదే.

మీరూ నేనూ నడుస్తున్నప్పుడు అడుగులు లెక్కపెట్టుకోము. కూరల బేరం ఆలోచించుకుంటూనో, పక్కవారితో మాట్లాడుతూనో నడిచిపోతాము. లోపల ఒక నట్టువాంగం నడుస్తుంటుంది. కూచిపూడి ఆటలో నట్టువనారు పక్కన కూర్చుని తాళాలు మోగిస్తుంటే నర్తకి పాదం ఆ దెబ్బమీద పడుతుంది చూడండి, అటువంటిదే. ఈ రోగికి లోపలి నట్టువనారి చేయి బలహీనపడింది. దెబ్బ పడీ పడనట్లు పడుతుంది. అందుకని ఒక్కొక్క అడుగూ చిన్నదైపోతుంది. దూరం గడవాలి కాబట్టి చిన్న అడుగులే గబగబా పడతాయి. ఆ గబగబలోనే మనిషి ముందుకు తూలుతాడు. ఇరుకు గుమ్మం, మలుపు, వెనుకనుంచి ఎవరైనా "త్వరగా రావే" అని పిలవడం, వీటిలో ఏది ఎదురైనా ఆ ఉన్న దెబ్బ కూడా ఆగిపోతుంది.

లోపలి తాళం ఆగితే బయటినుంచి వేస్తే సరి అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఆలివర్ శాక్స్ అనే వైద్యుడు న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్‌లో, నిద్రజబ్బు తరువాత ఏళ్ళ తరబడి శిలల్లాగా ఉండిపోయిన రోగులకు 1969లో లెవొడోపా ఇచ్చి, ఆ కథను 1973లో పుస్తకంగా వ్రాశాడు. మందు సంగతికే పేరువచ్చింది గాని, సంగీతం వినిపిస్తే ఆ శిలలలో కదలిక వచ్చేదని కూడా ఆయన వ్రాశాడు. చూసి ఆశ్చర్యపోవడం వేరు, కొలిచి నిలబెట్టడం వేరు. ఆ రెండవ పనికి పూనుకున్నవారిలో ముందుగా చెప్పవలసినవాడు మైకేల్ థౌట్. సంగీతమూ, నాడీశాస్త్రమూ రెండూ ఎరిగినవాడు. అమెరికాలో కొలరాడోలో ఆయన బృందం చేసిన పరీక్ష 1996లో అచ్చయింది. పదిహేనుమంది రోగులకు, దెబ్బ స్పష్టంగా వినబడేటట్లు తయారుచేసిన సంగీతం క్యాసెట్లలో ఇచ్చి, మూడువారాలపాటు ఇంటిదగ్గర రోజూ అరగంట దానితో నడవమన్నారు. పదకొండుమందిని అంతసేపూ ఏ శబ్దమూ లేకుండా నడవమన్నారు. ఇంకొక పదకొండుమందికి ఏ సాధనా పెట్టలేదు. సంగీతంతో నడిచినవారి వేగం నూటికి 25 పాళ్ళు, అడుగు నిడివి 12 పాళ్ళు పెరిగాయి. మిగతా రెండు జట్లూ వారికి సాటిరాలేదు.

వేగం మాట అటుంచండి. నా కంటికి ఆనింది ఆ 12. అడుగు పొడవవుతున్నదంటే మడమ నేలకు ఆనుతున్నదన్నమాట, వేళ్ళమీద తూలడం తగ్గుతున్నదన్నమాట.

ఈ అంకెలు నాకు తెలిసింది మణికట్టు కట్టు విప్పిన తరువాత మా ఇంటికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయివల్ల. చేతికోసం వచ్చిన పిల్ల, అమ్మ గుమ్మం దగ్గర నిలిచిపోవడం చూసి, చేయి పట్టుకుని లాగలేదు, నడవమని అరవలేదు. తన సెల్‌ఫోను తీసి ఏదో నొక్కింది. టక్, టక్, టక్ అని గోడగడియారంలాగా మోగింది. "బామ్మగారూ, ముందు నిటారుగా నిలబడండి. బరువు కుడివైపుకు, ఎడమవైపుకు మార్చండి. నాలుగు దెబ్బలు వినండి. అయిదో దెబ్బకు కాలెత్తండి," అన్నది. అయిదవ దెబ్బకు మా అమ్మ గుమ్మం దాటింది. వంటింట్లోనుంచి మా ఆవిడ గరిటె పట్టుకునే ఇవతలికి వచ్చింది.

సంగీతం నేర్చుకునేవారు వాడే మెట్రోనోము అనే యంత్రం అది. ఇప్పుడు సెల్‌ఫోనులోనే ఊరికే దొరుకుతుంది. దెబ్బ వేగం నిమిషానికి ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. కిటుకంతా ఆ అంకెలోనే ఉన్నది. అమ్మాయి ముందుగా ఏ శబ్దమూ లేకుండా అమ్మను వసారాలో నడిపించి లెక్కపెట్టింది. నిమిషానికి 110 అడుగులు. ఆ చివరనుంచి ఈ చివరకు 24 అడుగులు. "ఆగిపోయే అలవాటు లేనివాళ్ళకైతే వాళ్ళ సొంత వేగంకంటే కొంచెం ఎక్కువ పెట్టవచ్చు మాస్టారూ. బామ్మగారికి తగ్గించాలి," అని దెబ్బను నిమిషానికి 100కు దించింది. తరువాత నేను చదివి చూస్తే ఆమె మాట అక్షరాలా నిజం. బెల్జియంలో 2006లో అచ్చయిన పరిశోధనలో, కాళ్ళు బిగుసుకునే రోగులకు దెబ్బ వేగం పెంచితే అడుగు ఇంకా కుదించుకుపోయిందని, నూటికి పదిపాళ్ళు తగ్గించడం మేలని తేలింది. వేగంగా నడిపించాలనే ఆత్రంలో ఎవరైనా దెబ్బను హెచ్చుపెడితే అసలుకే మోసం. మూడువారాలు తిరిగేసరికి మా వసారాకు 24 అడుగులు పోయి 21 పడ్డాయి.

శబ్దానికి ఈ శక్తి ఎక్కడిది? చెవినుంచి కదలికల కేంద్రాలకు దారి చాలా దగ్గర. వెనుక టపాకాయ పేలితే ఆలోచన రాకముందే ఒళ్ళు ఉలిక్కిపడుతుంది గదా. లోపలినుంచి పుట్టే కదలికలకు, జబ్బుపడిన ఆ కేంద్రాలే పెద్దదిక్కు. బయటి దెబ్బకు అనుగుణంగా జరిగే కదలికలలో వెనుక ఉన్న చిన్న మెదడుకు పాలు ఎక్కువ. అంటే పాడైన రోడ్డు మానివేసి పక్కదారిన పోవడం వంటిదని శాస్త్రజ్ఞుల ఊహ. ఇందులో ఇంకా తేలవలసింది ఉన్నది. ఒక మెలిక కూడా ఉన్నది. జెస్సికా గ్రాన్ అనే ఆమె 2007లోనూ, 2009లోనూ ప్రకటించిన పరీక్షలను బట్టి, వింటున్న లయలో దెబ్బ ఎక్కడున్నదో పసిగట్టే పనిలోనూ ఈ జబ్బుపడిన కేంద్రాలకే భాగం ఉన్నది. రోగులు ఆ పనిలో ఇతరులకంటే వెనుకబడతారు. కాబట్టి దెబ్బ దాగుడుమూతలాడే సంగీతం వీరికి పనికిరాదు. గమకాలతో ఊగే విలంబకాలపు కీర్తన ఎంత గొప్పదైనా నడకకు కూడదు.

ఇది మా ఇంట్లో అనుభవానికి వచ్చింది. నాలుగురోజులు టక్‌టక్ విని అమ్మ విసిగిపోయింది. "ఇదేం సంగీతంరా, వడ్రంగిపిట్టలాగా! పాత సినిమా పాటలు పెట్టు," అన్నది. పెట్టాము. పల్లవి నడిచినంతసేపూ బాగానే నడిచింది. చరణానికి ముందు వయొలిన్లు అందుకుని డప్పు ఆగగానే అమ్మా ఆగింది! పాటను తప్పుపట్టి లాభం లేదు, అది కూర్చుని వినడానికి కట్టింది.

ఇక్కడ నాలోని తెలుగు పంతులుకు పని తగిలింది. పద్యానికీ పాదమే, మనిషికీ పాదమే. పద్యానికి నడక ఉన్నదంటాము, గతి ఉన్నదంటాము. మనిషికి ఉన్నవి రెండు కాళ్ళు కనుక అతని నడక చతురస్రం. నాలుగు మాత్రలు గాని, వాటిలో సగం గాని అయితే బరువు ప్రతిసారీ ఒకే కాలిమీద మొదలవుతుంది. మూడు మాత్రల గతిలో మాత్రకొక అడుగు వేస్తే బరువు ఒకసారి కుడికాలిమీద, మరొకసారి ఎడమకాలిమీద పడుతుంది. అయిదు మాత్రల ఖండగతిలోనూ అంతే. నాట్యం నేర్చినవారికి అదొక అందం. మా అమ్మకు అది ఆపద. మరి మన పద్యాలలో ఆద్యంతమూ నాలుగు మాత్రల గణాలతో నడిచేది ఏది? ఉత్పలమాల, చంపకమాల కావు. సీసమూ, ఆటవెలదీ, తేటగీతీ కావు. వాటిలో గణాల కొలత మారిపోతుంటుంది. కందం! గగ, భ, జ, స, నల, ఏ గణం తీసుకున్నా నాలుగే మాత్రలు. మొదటి పాదానికి మూడు గణాలు, రెండవ పాదానికి అయిదు. మళ్ళీ మూడు, మళ్ళీ అయిదు. మొత్తం పదహారు. గణానికి రెండడుగుల చొప్పున కందపద్యానికి 32 అడుగులు. నిమిషానికి నూరడుగుల లెక్కన ఇరవై సెకండ్లలోపు పద్యం పూర్తి.

సుమతి శతకమంతా కందాలే. అమ్మకు చిన్నప్పుడు బడిలో కంఠస్థం చేయించినవి ఇప్పటికీ అరవైకి పైగా నోటికి వచ్చు. రాగం తీయకుండా, గణం విరిచి, మెట్రోనోము దెబ్బమీద చదవమన్నాను. వసారాలో ఇటునుంచి అటు పద్యంతో నడిచింది. పదిరోజులు దెబ్బతో కలిపి చదివిన తరువాత సెల్‌ఫోను కట్టివేసి పద్యం ఒక్కటే చదివించాము. నడక చెడలేదు. ఆ పైన పెదవి కదపకుండా మనసులోనే చదువుకోవడం మొదలుపెట్టింది.

ఇది మా ఇంటి వింత అనుకున్నాను. కాదు. అమెరికాలో సెయింట్ లూయీ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు ఇటువంటిదే ప్రకటించారు. రోగులచేత సంగీతం వింటూ నడిపించారు, స్వయంగా పాడుతూ నడిపించారు, మనసులో పాడుకుంటూ నడిపించారు. బయట వినబడే సంగీతంకంటే తనలో తాను పాడుకునేదే అడుగులను ఎక్కువ సమంగా పడనిచ్చింది. ఐతే నడుస్తూ వేరొక ఆలోచన చేయడం ఈ రోగులకు కష్టమని అందరూ ఒప్పుకున్నదే. అందుకని పద్యం కొత్తగా నేర్చుకునేది కాకూడదు. వెతుక్కోకుండా నాలుకమీదికి వచ్చేదై ఉండాలి.

ఇంత చెప్పి, దీని హద్దులు చెప్పకపోవడం న్యాయం కాదు. 2007లో అచ్చయిన పెద్ద పరీక్షలో ఇంగ్లండు, బెల్జియం, హాలెండు దేశాలలో 153 మంది రోగుల ఇళ్ళకు వెళ్ళి మూడువారాలు ఈ సాధన చేయించారు. నడక బాగుపడింది, బిగుసుకోవడం కొద్దిగా తగ్గింది. సాధన ఆపివేసి ఆరువారాల తరువాత చూస్తే లాభం చాలావరకు కరిగిపోయింది. 2019లో థౌట్ బృందమే, అంతకుముందు ఏడాదిలో కనీసం రెండుసార్లు పడినవారిని 60 మందిని తీసుకుని, ఒక జట్టుచేత 24 వారాలు ఆపకుండా చేయించింది, రెండవ జట్టుచేత నడుమ ఎనిమిదివారాలు మాన్పించింది. ఆపనివారు పడడం తగ్గుతూ వచ్చింది. మానినవారు మానినంతకాలమూ ఎక్కువగా పడ్డారు. కనుక ఇది పథ్యంవంటిది, రోజూ ఉండాలి. నశించిన కణాలను శబ్దం తిరిగి పుట్టించదు. మాత్ర శక్తి తగ్గే వేళ, మా అమ్మకు అది మధ్యాహ్నం మూడు గంటలు, దెబ్బా లేదు, పద్యమూ లేదు. ఆ సమయంలో ఆమె కుర్చీ దిగదు, మేము దిగమనము. చెవిలో తీగలు పెట్టుకుని వీధిలో నడవడం అసలే కూడదు. వెనుక వచ్చే ఆటో వినబడదు.

మరొక సంగతి. దూలగొండి గింజల్లో లెవొడోపా ఉన్నదని ఎవరో చెబితే, మా పక్కింటివారు ఒక పొట్లం పొడి తెచ్చి ఇచ్చారు. ఉన్నమాట నిజమే, ఆ గింజలో ఆ పదార్థం ఉన్నది. ఎంత ఉన్నదో ఆ పొట్లంమీద మాత్రం లేదు. వేసుకునే మాత్రతో కలిసి ఎక్కువైతే కాళ్ళూ చేతులూ వాటంతటవే మెలికలు తిరగవచ్చు, తలతిరిగి పడవచ్చు. వైద్యునికి చూపించకుండా ఇటువంటివి మొదలుపెట్టవద్దు. మెట్రోనోముకైనా సరే, దెబ్బ వేగం తెలిసినవారిచేత ఒకసారి కొలిపించుకుని పెట్టుకోవడం మంచిది. మొదటి రోజుల్లో పక్కన ఒకరు ఉండితీరాలి.

మలుపుల సంగతి ఇంకా పూర్తిగా కుదరలేదు. నిలుచున్నచోటే గిరుక్కున తిరిగితే కాళ్ళు ఒకదానికొకటి అడ్డుపడుతున్నవి. అందుకని వసారా చివర సుద్దముక్కతో ముగ్గులాగా పెద్ద అర్ధచంద్రం గీసి, దానివెంట ఆరేడు అడుగులు వేసి తిరగడం నేర్పుతున్నాము. రామాలయానికి ఈ నెలలో పదకొండుసార్లు వెళ్ళింది, నేను పక్కన ఉండగా. గుడి గుమ్మం దగ్గర మాత్రం ఒక్కొక్కసారి ఆగి, నాలుగు దెబ్బలు మనసులో లెక్కపెట్టుకుంటుంది. వెనుక వచ్చేవారు ధ్యానం చేస్తున్నదనుకుంటారు.

మొన్న ఆమె నాకు ఒక పని పెట్టింది. "కొన్ని పద్యాల్లో రెండో పాదం మధ్యలో కాలు తడబడుతోందిరా. నాలో ఉన్నదా, పద్యంలో ఉన్నదా చూడు," అన్నది. గణాలు కట్టి చూశాను. పద్యంలోనే ఉన్నది! కందంలో ఆరవగణం నలమైనా కావాలి, జగణమైనా కావాలి. నలమైతే నాలుగు లఘువులు, రెండవ అడుగుకు కొత్త అక్షరం దొరుకుతుంది. జగణంలో నడుమ ఉన్నది గురువు. రెండవ అడుగు పడేవేళకు కొత్త అక్షరం పుట్టదు, పాత అక్షరమే సాగుతుంటుంది. అక్కడ ఆమె కాలికి పట్టు దొరకడంలేదు. మిగతా నాలుగు గణాలకూ ఈ చిక్కు లేదు. నన్నయగారి కాలంనుంచి ఎందరు కందం వ్రాశారో, ఈ బాధ ఎవరికైనా తట్టి ఉంటుందా!

"అయితే జగణం లేనివి ఏరిపెట్టు," అన్నది అమ్మ. జగణం ఎక్కడా రాని కందాలు వెతుకుతున్నాను. సుమతి శతకంలో ఇంతవరకు పదకొండు దొరికాయి.